మేరువు బరువు

ప్రదక్షిణ 611. అరేబియా సముద్రం మీద

ఇవాళ పై అంతస్తు మూసేశాం. దీపాలు ఆర్పి, తలుపుల కింది సందుల్లో దుప్పట్లు కుక్కి, మెట్లకు అడ్డంగా తాడు కట్టాను. ఒక్క మనిషి కూడా లేనప్పుడు అన్ని వందల సీట్లకు వెచ్చని గాలి పంపడం దేనికని కెప్టెన్ జహీరుద్దీన్ గారు అన్నారు. నాకూ సబబే అనిపించింది. తాడు కట్టి కిందికి వచ్చి టీ కాచాను.

మేరు విమానాల్లో ప్రతి ప్రదక్షిణకూ క్యాబిన్ పెద్ద ఇలా డైరీ రాసి సంస్థకు పంపాలి. రాస్తున్నాను, పంపుతున్నాను. పైన వేసే అంకె నేను క్యాబిన్ పెద్దనైనప్పటి నుంచి లెక్క. అటు నుంచి ఆఖరిసారి జవాబు వచ్చింది పోయిన వానాకాలంలో. పగిలిన టీ కప్పుల బదులు కొత్తవి పంపడం కుదరదని మాత్రమే అందులో ఉంది.

వెయ్యిమంది పట్టే విమానంలో ఇప్పుడు సిబ్బంది తొమ్మిది మంది, ప్రయాణికులు ఐదుగురు. ఐదుగురిలో నలుగురు సింగపూర్‌లో దిగాల్సినవాళ్ళు. దించాలంటే కింద నుంచి పిల్ల విమానం రావాలి. ఏడాదికోసారి తనిఖీకి తప్ప మేరు నేల మీద వాలదు, భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పిల్ల విమానాలే వచ్చి దాని పొట్టకు అతుక్కుని జనాన్ని ఎక్కిస్తాయి, దించుతాయి. సింగపూర్ మీదికి వచ్చినప్పుడు పిలిచాం. రాలేదు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ పిలిచాం. వాటిని నడిపే కంపెనీ మూతపడిందనీ, విమానాలన్నీ తుక్కుకు పోయాయనీ కింద ఒకతను చెప్పాడు. చాలా మర్యాదగా చెప్పాడు.

ఆ నలుగురిలో హైమవతి గారని ఒకావిడ ఉన్నారు. కూతురి కోసం కుట్టుమిషన్ తీసుకెళ్తున్నారు. ఇంకెన్నాళ్ళు తిప్పుతారని అడిగారు. తెలియదన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ప్రదక్షిణ 612. పసిఫిక్ మీద

ఇప్పుడు అందరం ఒకే చోట తింటున్నాం. గోధుమరవ్వ ఉప్మా, ఎండబెట్టిన బఠాణీలు. ఉల్లిపాయలు అయిపోయాయి.

ఐదో ప్రయాణికుడి పేరు పరాంకుశం గారు. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి. ఈ విమానాన్ని గీసింది ఆయనే. పదవి విరమించిన రోజున సంస్థ ఆయనకు జీవితాంతం చెల్లే టికెట్ ఇచ్చింది. మొదట్లో ఏడాదికోసారి ఎక్కి ఒక చుట్టు తిరిగి దిగిపోయేవారట. ఇంట్లో ఎవరూ లేకపోయాక దిగడం మానేశారు. పొద్దున్నే ఈ చివర నుంచి ఆ చివరదాకా నడుస్తారు. దారిలో ఏ సీటు వంకరగా ఉన్నా సరిచేస్తారు.

మా ఇంజనీరు సువార్త బాపట్ల వైపు పిల్ల. మనసులో ఏదుంటే అది అడిగేస్తుంది. ఇంత పెద్దదాన్ని ఎందుకు గీశారండీ అని ఉప్మా తింటూ అడిగింది. ఆయనకు కోపం రాలేదు. స్పూను పక్కన పెట్టి చెప్పారు.

అప్పట్లో విమానాశ్రయాలు కిక్కిరిసి ఉండేవట. జనం పెరుగుతారు, విమానాశ్రయాలు పెరగవు, కాబట్టి పెరగాల్సింది విమానమేనని ఆయన లెక్క. వెయ్యిమందిని ఒక్కసారే ఎక్కించుకునే విమానం, పది పెద్ద నగరాలు, మిగతా ఊళ్ళన్నీ ఆ నగరాలకే వచ్చి ఎక్కాలి. ఆయన దగ్గర వకుళ అనే చిన్న ఇంజనీరు పనిచేసేది. రెండు వందల మంది పట్టే విమానం గీద్దామని ఆవిడ పట్టుబట్టింది. మనిషి ఎక్కేది విమానం పెద్దదని కాదు, తన ఊరి నుంచి తనకు కావలసిన ఊరికి తీసుకెళ్తుందని, అని నిండు సమావేశంలో అంది. ఎవరూ ఒప్పుకోలేదు. ఆవిడ ఉద్యోగం మానేసి, ఊరూరా తిరిగి డబ్బు పోగుచేసి పాలపిట్ట సంస్థ పెట్టింది. పన్నెండేళ్ళు ఇద్దరూ రాత్రింబవళ్ళు పనిచేశారు, ఆయన ఇక్కడ, ఆవిడ అక్కడ. మేరు ముందు ఎగిరింది. చూడ్డానికి జనం మేడలెక్కారు. పాలపిట్ట రెండేళ్ళ తర్వాత ఎగిరితే ఎవరూ తలెత్తి చూడలేదు.

"మరి ఆవిడ లెక్కే నిజమైంది గదండీ" అంది సువార్త.

"జనం పెరిగారమ్మా. ఆ మాట నేను సరిగ్గానే చెప్పాను" అన్నారాయన. తర్వాత ఉప్మా పూర్తిగా తిన్నారు.

ప్రదక్షిణ 613. అట్లాంటిక్ మీద

నీళ్ళ వాటా తగ్గించాను. స్నానాలు లేవు. ముఖానికి తడిగుడ్డ.

మధ్యాహ్నం మా బావ దగ్గర నుంచి కబురు వచ్చింది. అక్క శుక్రవారం పోయిందట. ఏలూరులోనే కార్యక్రమాలన్నీ చేస్తున్నారట. రాగలవా శమంతా అని అడిగాడు. మేం అప్పటికి ఏలూరుకు సగం భూమి అవతల ఉన్నాం. దగ్గర ఉన్నా దిగే దారి లేదు. రాలేనని పంపాను. పిల్లల్ని అడిగినట్టు చెప్పమని ఇంకో వాక్యం కూడా చేర్చాను.

తర్వాత నీళ్ళు పంచే వేళ అయింది. పంచాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు వంటగదిలో నిలబడి చూశాను. రాలేదు. పొయ్యి పలకలు తుడిచాను.

ప్రదక్షిణ 614. అరేబియా సముద్రం మీద

కెప్టెన్ గారు అందరినీ పిలిచారు.

మేరులో ఇంధనం ఉండదు. నేల మీది కేంద్రాలు పైకి పంపే కిరణం రెక్కల అడుగున తగిలితే మోటార్లు తిరుగుతాయి. ఒక కేంద్రం దాటి ఇంకోటి అందేదాకా బ్యాటరీల మీద నడుస్తాం. అట్లాంటిక్‌కు ఇటు అటు ఉన్న కేంద్రాలను మేం దాటి వచ్చిన మర్నాడే ఆపేశారు. పాలపిట్టలకు కిరణంతో పనిలేదు, అవి తమ శక్తి తామే మోసుకుంటాయి. మిగిలిన ఈ ఒక్క మేరు కోసం ఇన్ని కేంద్రాలు నడపలేమని తక్కినవీ మూసేశారు. మిగిలింది బంగాళాఖాతం ఒడ్డున ఒకటి. అది కూడా ఈ నెలాఖరు దాకానేనట. అంటే ఇక ప్రదక్షిణలు లేవు. బంగాళాఖాతం చేరి దాని మీదే గుండ్రంగా తిరుగుతూ, ఈలోపు ఎక్కడో ఒకచోట వాలాలి.

వాలడానికి రన్‌వే కావాలి. మేరుకు నాలుగు కిలోమీటర్లు ఉంటే తప్ప చాలదు. పాలపిట్టకు అందులో సగం కూడా అక్కర్లేదు. అందుకని పెద్ద రన్‌వేలన్నీ కుదించేశారు. మేం తనిఖీకి దిగే రన్‌వే మీద కూడా పోయిన ఎండాకాలం ఇళ్ళు కట్టారు. హైదరాబాద్‌లో ఉన్నదాని మీద కూరగాయల మార్కెట్ పెట్టారట. పొడవైనది ఒక్కటే మిగిలిందని తెలిసింది కానీ అది అట్లాంటిక్ అవతల ఉంది, మా బ్యాటరీలు అక్కడిదాకా రావు. సముద్రంలో దింపితే మోటార్లు నీళ్ళకు తగిలి ముక్కలైపోతాం.

ఇవన్నీ కెప్టెన్ గారు నెమ్మదిగా చెప్పారు. ఆయనది కర్నూలు. ముప్పై ఏళ్ళుగా ఇదే విమానం నడుపుతున్నారు.

"నేల మీద మనకు జాగా లేదు మా. అడగాల్సిన వాళ్ళందరినీ అడిగినా" అని ఆపేశారు.

హైమవతి గారు ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నేను గ్లాసులు పోగుచేశాను. అప్పుడు పరాంకుశం గారు, పాలపిట్ట వాళ్ళను అడిగారా అన్నారు. వాళ్ళ రన్‌వేలు కిలోమీటరున్నర ఉంటాయి సార్ అన్నారు కెప్టెన్ గారు. అడిగారా లేదా అని ఆయన మళ్ళీ అన్నారు.

తిరుగుడు, మొదటి రోజు. బంగాళాఖాతం మీద

ప్రదక్షిణ లేదు కాబట్టి అంకె వేయలేదు.

పొద్దున రేడియోలో వకుళ గారు దొరికారు. పరాంకుశం గారికి చెవి సరిగా వినపడదు, అందుకని నన్ను పక్కన కూర్చోమన్నారు. నలభై ఏళ్ళుగా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదని నాకు తర్వాత తెలిసింది.

ఆవిడ గొంతు అలసిపోయి ఉంది. ఆయన తన పేరు చెప్పారు.

"ఎక్కడున్నారు సార్?"

"నీ నెత్తిమీదే ఉన్నానమ్మా. దిగాలి."

సంగతంతా అప్పటికే ఆవిడకు తెలుసు. తమ రన్‌వేల్లో అన్నిటికన్నా గట్టిది దొనకొండలో ఉందని చెప్పారు. అయినా అది మేరు బరువు మోయలేదు. పగిలితే నెలల తరబడి ఆ ఊరికి విమానం ఉండదు. చుట్టుపక్కల మండలాలవాళ్ళు ఆస్పత్రులకు వెళ్ళేది ఆ విమానాల్లోనే. సంస్థలో మిగతా పెద్దలు నిన్న రాత్రే కూర్చుని కుదరదని తేల్చారట.

"ఎంత మోస్తుంది అది?" అన్నారాయన.

"నిండు పాలపిట్టలు రెండు ఒక్కసారే దిగితే ఎంతో అంత. అదీ ఒక్కసారికి."

ఆయన కాగితం మీద ఏదో వేసుకున్నారు. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను.

"ఆ బరువుకు తెస్తాం. బరువు తగ్గితే వేగం తగ్గుతుంది, కిలోమీటరున్నరలో ఆగుతుంది" అన్నారు.

"సార్, ఖాళీ మేరు కూడా అంతకన్నా బరువే."

"ఖాళీ అని మనం దేన్నంటున్నామో దాంట్లో ఇంకా చాలా ఉందమ్మా. గీసినవాణ్ణి నేను."

లైను పోయిందనుకుని నేను మీట తడిమాను.

"మావాళ్ళు కుదరదన్నారని చెప్పాను. నేను అనలేదు" అన్నారు ఆవిడ. "ఎప్పుడొస్తారో చెప్పండి. ఆ రోజు నేను దొనకొండలో ఉంటాను."

ఆయన చెవికి పెట్టుకున్నది తీసి నా చేతికిచ్చారు. ఆవిడ కృతజ్ఞతలు చెప్పే సమయం ఇవ్వకుండా పెట్టేసిందా అని అడిగారు. అవునన్నాను. ఎప్పుడూ అంతే అన్నారు.

తిరుగుడు, రెండో రోజు

తాడు విప్పి పై అంతస్తు తెరిచాం. సీట్లు ఊడబీకడం మొదలుపెట్టాం.

సువార్త పని పంచింది. కాళ్ళ దగ్గర మరలు తిప్పేవాళ్ళు కొందరు, మోసేవాళ్ళు కొందరు. సరుకుల తలుపు తెరవాలంటే బాగా కిందికి దిగి నెమ్మదిగా ఎగరాలి. చేపల పడవలవాళ్ళకు రేడియోలో ముందే చెప్పాం, ఫలానా చోటికి రావద్దని. తలుపు దగ్గర నిలబడేవాళ్ళ నడుములకు తాళ్ళు కట్టాం. గాలి హోరులో మాటలు వినపడవు. ఒక్కొక్క సీటును తోస్తే అది తిరుగుతూ పోయి చిన్నదై మాయమయ్యేది. నీళ్ళు చిమ్మడం కూడా కనిపించలేదు.

మొదటి సీటు తోసేటప్పుడు పరాంకుశం గారు చూస్తారా లోపలికి వెళ్తారా అని నేను ఆగాను. ఆయన మర తిప్పే పనిముట్టు అడిగి తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ వయసులో వద్దన్నా వినలేదు. ఏ మర ఎటు తిప్పితే తేలిగ్గా వస్తుందో ఆయనకు తెలుసు. సాయంత్రానికి పై అంతస్తు సగం ఖాళీ అయింది. కిటికీల వెలుతురు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు అడ్డం లేకుండా పడుతోంది. పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయిన కల్యాణమండపంలా ఉందని సువార్త అంది.

నా చేతులు బొబ్బలెక్కాయి. నొప్పి పెద్దగా తెలియలేదు.

తిరుగుడు, మూడో రోజు

తివాచీలు, గోడల లోపలి పలకలు, తెరలు, పొయ్యిలు, నీళ్ళ తొట్లు, సామాన్ల అరలు. మరుగుదొడ్లు ఒక్కటి తప్ప అన్నీ. పై అంతస్తుకు వెళ్ళే మెట్లు కూడా కోసేశారు, ఇక అక్కడికి వెళ్ళే పని లేదు. గోడల్లో తీగలు, గొట్టాలు బయటపడ్డాయి. మాట్లాడితే గొంతు మోగుతోంది.

మధ్యాహ్నం మనుషుల సామాన్ల వంతు వచ్చింది. ఒంటి మీది బట్టలు తప్ప ఏదీ ఉండకూడదన్నారు కెప్టెన్ గారు. ముందు తన పెట్టె ఆయనే తెచ్చి తలుపు దగ్గర పెట్టారు. నేను నాది తెచ్చాను. అందులో ఏమున్నాయో తెరిచి చూడలేదు.

హైమవతి గారు కుట్టుమిషన్ పెట్టెను తానే ఈడ్చుకొచ్చారు. సాయం పట్టబోతే వద్దన్నారు. తలుపు దగ్గరికి వచ్చాక ఆవిడ ఒక్కరి వల్ల కాలేదు. అప్పుడు నా వైపు చూశారు. ఇద్దరం కలిసి తోశాం.

"మా అమ్మాయికి కుట్టడం రాదులెండి. నేనే పట్టుబట్టి తెచ్చాను" అన్నారు. తర్వాత తాడు విప్పుకుని వెళ్ళి, ఊడబీకాల్సిన తరవాతి పలక దగ్గర కూర్చున్నారు.

సాయంత్రం సువార్త లెక్క చూసింది. ఇంకా బరువు ఎక్కువే ఉంది. తీయడానికి ఇంకేమీ లేదు. అందరం నేల మీద కూర్చున్నాం. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు. మా మొహాలు ఎప్పటి నుంచి అలా అయ్యాయో నాకు గుర్తులేదు. బయట ఎండ పడి సముద్రం మెరుస్తోంది.

చాలాసేపటికి పరాంకుశం గారు, బ్యాటరీలు ఉన్నాయి కదా అన్నారు.

కెప్టెన్ గారు ఆయన వైపు చూశారు. బ్యాటరీలన్నీ వదిలేస్తే కిరణం దాటాక దొనకొండ దాకా వెళ్ళలేం. సగం వదిలేస్తే వెళ్ళగలం, వాలగలం. ఒకవేళ సరిగ్గా కుదరకపోతే మళ్ళీ లేచి ఇంకో చుట్టు తిరిగి రావడానికి మాత్రం శక్తి ఉండదు.

"అంటే ఒకటే సారి" అన్నారు కెప్టెన్ గారు.

"ఒకటే సారి" అన్నారు పరాంకుశం గారు.

కెప్టెన్ గారు టోపీ తీసి తల గోక్కున్నారు. "సరే సార్. ముప్పై ఏండ్లు దించినా. ఇంకొక్కసారి దించలేనా" అన్నారు. అని టోపీని కూడా తలుపు వైపు విసిరారు. ఎవరో నవ్వారు. నేనే అనుకుంటాను.

దొనకొండ. నేల మీద

ఇది ఎవరికి పంపాలో తెలియదు. అయినా రాస్తున్నాను.

పొద్దున సగం బ్యాటరీలు వదిలేశాం. తర్వాత కిరణం నుంచి పక్కకు తిరిగాం. మోటార్ల చప్పుడు సన్నబడింది. తీరం దాటాక కింద రొయ్యల చెరువులు, తర్వాత ఎర్రనేల, రాళ్ళగుట్టలు. సీట్లు లేవు కాబట్టి వెనక గోడకు వీపులు ఆనించి నేల మీద కూర్చున్నాం. సామాన్ల వలలు మా మీదుగా కప్పి సువార్త బిగించి కట్టింది. కాక్‌పిట్‌లో కెప్టెన్ గారు, ఇంకో పైలట్. నేను కిటికీ పక్కన. పరాంకుశం గారు నా ఎడమవైపు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. భయంగా ఉందా అని అడిగాను. చప్పుడు వింటున్నానన్నారు. ఇంత తేలిగ్గా ఉన్నప్పుడు ఇది ఎలా మోగుతుందో ఆయన ఎప్పుడూ వినలేదట.

విమానాశ్రయం ముందు చిన్న పెట్టెలా కనిపించింది. పాలపిట్టలను ఒకవైపు వరసగా నిలిపారు. నీలిరంగు రెక్కలు. వాటిని పైనుంచి చాలాసార్లు చూశాను, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అద్దాల వెనక ప్రయాణికులు నిలబడి ఉన్నారు. మా వల్ల వాళ్ళ ప్రయాణాలు ఆగిపోయాయి. ఒకావిడ పిల్లను ఎత్తుకుని మమ్మల్ని చూపిస్తోంది.

చక్రాలు తగిలాయి. ఖాళీ విమానమంతా డప్పులా మోగింది. కెప్టెన్ గారు దాన్ని రన్‌వే మొదట్లోనే, అంగుళం వృథా చేయకుండా దించారని సువార్త తర్వాత చెప్పింది. బ్రేకులు కీచుమన్నాయి. వల నా భుజాల్లోకి కోసుకుంది. కింద ఏదో పగులుతున్న చప్పుడు, మేం ముందుకు పోతుంటే అది మా వెనకే వస్తోంది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పక్కనున్న భవనం దాటిపోయింది, దీపాల స్తంభాలు దాటిపోయాయి, కంచె వచ్చింది. ముక్కు కిందికి కుంగింది. కిటికీలోకి ఎర్రగా ఏదో ఎగిరిపడింది. తర్వాత అంతా ఎరుపు.

ఆగాం.

ఎవరూ కదల్లేదు. నేను వల విప్పి లేచి పేర్లు పిలిచాను. అందరూ పలికారు. కాక్‌పిట్ నుంచి కెప్టెన్ గారు కూడా పలికారు. తలుపు తీసి గాలి జారుబల్ల వదిలాను. అప్పుడు తగిలింది ఘాటు.

రన్‌వే చివర కంచె అవతల మిరపకాయల కల్లాలు. మనుషుల్ని ముందే తప్పించారు కానీ కాయను ఎత్తే సమయం లేకపోయింది. ఎకరాల కొద్దీ ఎండబోసిన మిరపకాయల మీదుగా మేరు ముక్కు నేలకు రాసుకుంటూ పోయి ఆగింది. వేడెక్కిన చక్రాల కింద కాయ నలిగి, కాలి, పొగలా లేచింది. ఒకరి తర్వాత ఒకరం జారి ఆ ఎర్రటి కుప్పల్లోనే పడ్డాం. దగ్గు, తుమ్ములు, కళ్ళ నిండా మంట. హైమవతి గారు కొంగుతో మొహం కప్పుకుని తడుముకుంటూ నడుస్తున్నారు. పరాంకుశం గారిని సువార్త నడుం పట్టి తీసుకొచ్చింది. జహీరుద్దీన్ గారు ఆఖరున దిగి, రెండు అడుగులు వేసి, నేల మీద కూర్చుండిపోయారు. మిరపకాయలను రెండు చేతులతో పట్టుకుని చూశారు. అందరి కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి.

నా కళ్ళలోంచి కూడా. మొదట మంట వల్లే. తర్వాత గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నాదే. ఆపుదామనుకున్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, ఆగలేదు. ఎవరూ నా వైపు వింతగా చూడలేదు. అక్కడ అందరూ అలాగే ఉన్నారు.

అంబులెన్స్ కన్నా ముందు ఒక జీపు వచ్చింది. అందులోంచి పొట్టిగా, తెల్లని జుట్టుతో ఒకావిడ దిగారు. దిగీ దిగగానే ఆవిడకూ దగ్గు పట్టుకుంది. కళ్ళు చిట్లించుకుని ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ పరాంకుశం గారి ముందుకు వచ్చి ఆగారు. వకుళ గారు అని నాకు తెలియడానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"రన్‌వే పగిలిందా?" అన్నారాయన.

"పగిలింది సార్."

"ఎంత?"

"చూడలేదు. ముందు ఇటే వచ్చాను."

ఆయన తలూపారు. ఇంకేదో అనబోయారు కానీ దగ్గు అడ్డం వచ్చింది. ఆవిడ వీపు నిమిరారు.

అప్పటికి పొలాల్లోంచి మనుషులు వచ్చారు. అందరికన్నా ముందు కోటేశ్వరమ్మ అనే ఆవిడ వచ్చింది. మేం పడింది ఆవిడ కల్లంలోనే. తిడుతుందేమో అనుకున్నాను. ఆవిడ చంకలో కుండ ఉంది. ఒక పక్క మేరు రెక్క విరిగి ఆవిడ కాయ మీద పడి ఉంది, ఆవిడ దాని కింద నుంచి తల వంచుకుని వచ్చింది.

"కళ్ళు నులుముకోబాకండి. ఇంకా మండుద్ది. మజ్జిగ పోస్తా, మొకాన కొట్టుకోండి" అంటూ ఒక్కొక్కరి దోసిట్లో పోసింది. ఆవిడ కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. అలవాటు కాబోలు.

మా అందరికీ పోశాక కుండ ఇంకా సగం పైనే ఉంది. ఆవిడ వెళ్ళి తలుపు కింద నిలబడి పైకి చూసింది.

"మిగతావోళ్ళని గూడా దిగమను అమ్మాయ్. లోపల ఈ ఘాటుకి ఉండలేరు."

ఇంకెవరూ లేరన్నాను. ఇంతమందిమే అన్నాను.

ఆవిడ విమానాన్ని ముక్కు నుంచి తోకదాకా చూసింది. రెండు వరసల కిటికీలను చూసింది.

"ఇంత దాంట్లో ఇంతేమందా?" అంది.

వెనక నుంచి పరాంకుశం గారు చెప్పారు, ఇంతేనమ్మా అని.

ఆవిడ నమ్మలేదనుకుంటాను. ఎవరైనా దిగుతారేమోనని కుండ పట్టుకుని తలుపు వైపే చూస్తూ నిలబడింది. నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు ఇంకా ఆగలేదు. తుడుచుకోబోతే, ఆవిడ తలుపు మీద నుంచి చూపు తిప్పకుండానే నా చెయ్యి పట్టుకుని ఆపింది.